గ్లాసు అంచు మీద వేలు

(హైదరాబాద్‌లో కీబోర్డు వాద్యకారులు, సౌండ్ ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారం. మాటలు తర్వాత. ముందు ఒకటి వినిపిస్తాను.

(బల్ల మీది గ్లాసు అంచు చుట్టూ తడి వేలు తిప్పారు.)

ఇప్పుడు ఇది.

(కీబోర్డు మీద అదే స్వరం నొక్కి పట్టుకున్నారు.)

రెండోది కూడా బాగానే ఉందన్నట్టు తలలు ఊపుతున్నారు. మొహమాటం ఏమీ వద్దండీ. ఇప్పుడు మీరు విన్నది, గ్లాసు స్వరాలను కీబోర్డు మీద వాయించేట్టు నేను చేసిన వాయిద్యంలో మొదటి వెర్షను. దీన్ని ఇంట్లో మొదటిసారి వినిపించినప్పుడు మా తమ్ముడి కొడుకు ఏమన్నాడో తెలుసా? "పెదనాన్నా, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే ఒక సౌండ్ వస్తుంది చూడు, అచ్చం అట్లా ఉంది" అన్నాడు. వాడికి పన్నెండేళ్లు. నాకేమో దాని మీద నాలుగు నెలల కష్టం. కోపమొచ్చింది. రాత్రి పడుకునే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ విన్నాను. వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకు నిజమో కనుక్కోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇవాళ చెప్పేది ఎక్కువగా ఆ ఏడాది సంగతే.

శాంపిల్ ఇన్‌స్ట్రుమెంట్ అంటే ఏమిటో ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక వాయిద్యంలోని స్వరాలన్నీ విడివిడిగా రికార్డు చేసి, ఒక్కో దాన్నీ కీబోర్డులో ఒక్కో మెట్టుకు కట్టేస్తాం. మెట్టు నొక్కితే ఆ రికార్డింగు మోగుతుంది. 1963లో ఇంగ్లండులో వచ్చిన మెలోట్రాన్‌లో ప్రతి మెట్టు కింద నిజంగానే ఒక టేపు ముక్క ఉండేది. ఎనిమిది సెకన్ల టేపు. అది అయిపోతే స్వరమూ అయిపోయేది, వేలు ఎత్తి మళ్లీ నొక్కాల్సిందే. టేపు పోయి మెమరీ వచ్చింది, మెమరీ ఇప్పుడు చవక. పద్ధతి మాత్రం అదే.

ఇక వాయిద్యం. దీన్ని ఎక్కడ చూపించినా మనవాళ్ల మొదటి మాట ఒకటే: "ఇది జలతరంగమే కదండీ!" కాదు. చుట్టరికం ఉంది, కాదనను. మన అరవై నాలుగు కళల జాబితాలో ఉదకవాద్యం ఉంది. పింగాణీ గిన్నెల్లో నీళ్లు పోసి సన్నటి పుల్లలతో వాయించే జలతరంగాన్ని సీతా దొరైస్వామి లాంటివాళ్లు కచేరీ వేదిక మీద నిలబెట్టారు. నీళ్లు పోస్తే శ్రుతి దిగడం రెండింటికీ ఒకటే. కానీ అక్కడ కొడతాం, ఇక్కడ రుద్దుతాం. తేడా మొత్తం ఆ ఒక్క పనిలోనే ఉంది.

చూడండి, ఇదే గ్లాసును పుల్లతో కొడుతున్నాను.

(గ్లాసు మీద తట్టారు.)

టింగ్‌మంది. ఇందులో అసలు స్వరం ఉంది, దాని పైన ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ పైవి అసలు స్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతలు కావు. ఉదాహరణకి దాని తర్వాతి కంపనం రెండింతలకీ మూడింతలకీ మధ్య ఎక్కడో ఉంటుంది. లెక్క కుదరని ఆ స్వరాల వల్లే గంటలా, గిన్నెలా వినిపిస్తుంది. రుద్దినప్పుడు జరిగేది వేరు. తడి వేలు గాజును పట్టుకుంటుంది, జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు కొన్ని వందల సార్లు. వయొలిన్ కమాను తీగ మీద చేసే పని ఇదే. తడి బండల మీద రబ్బరు చెప్పు కీచుమనడం కూడా ఇదే, అక్కడ సంగీతం లేదు, అంతే. ఈ పట్టు-జారుడు గాజు సొంత కంపనంతో జతకడుతుంది. అందుకే వచ్చే స్వరం దాదాపు ఒంటరి స్వరం. వేణువు కన్నా నున్నగా ఉంటుంది.

గాజు ఎలా కదులుతుందో కూడా చెబుతాను, తర్వాత పని పడుతుంది. గుండ్రటి అంచు ఒకసారి ఇటు కోడిగుడ్డులా సాగుతుంది, మరుక్షణం అటు కోడిగుడ్డులా సాగుతుంది. కంటికి కనిపించదు. అందులో నీళ్లు పోసి రుద్దితే నాలుగు చోట్ల సన్నటి అలలు లేస్తాయి, వాటి మధ్య నాలుగు చోట్ల నీళ్లు నిలకడగా ఉంటాయి. ఇంటికెళ్లి చూడండి. వేలు తిరుగుతుంటే ఆ నాలుగు అలల గుంపులూ వేలి వెనకాలే తిరుగుతాయి. ఈ "వెనకాలే తిరుగుతాయి" అన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. నాలుగు నెలల నా కష్టం పోయింది అక్కడే.

గ్లాసుల కోసం బేగంబజారు వెళ్లాను. కాడ ఉన్న గ్లాసులు, పలచటి గాజు కావాలి. మందం గాజు పలకదు, పలికినా గొంతు పట్టేసినట్టు ఉంటుంది. జేబులో ఫోను ట్యూనరు, చేతిలో నీళ్ల సీసా. కొట్టు ముందు నిలబడి ఒక్కో గ్లాసు అంచూ తడి వేలితో రుద్దుతుంటే షాపతను కాసేపు ఊరుకుని, "సార్, పార్టీకా, పూజకా?" అన్నాడు. అరవైకి పైగా రుద్ది తొమ్మిది తీసుకున్నాను. డజను ధరకే ఇస్తాను, పన్నెండూ పట్టుకుపొమ్మన్నాడు. మిగతా మూడూ పలకవని చెబితే నమ్మలేదు.

తొమ్మిదే ఎందుకంటే, ఖాళీ గ్లాసుకు ఒక శ్రుతి ఉంటుంది. నీళ్లు పోస్తే గోడతో పాటు నీళ్లూ కదలాలి, బరువు పెరుగుతుంది, శ్రుతి దిగుతుంది. అడుగున పోసే నీళ్లతో పెద్దగా తేడా రాదు, అంచు దగ్గరకు వచ్చేకొద్దీ గబగబా దిగుతుంది. ఇంకా దించొచ్చు కానీ నీళ్లు ఎక్కువైతే నాదం మసకబారుతుంది. అందుకని గ్లాసుకు మూడు స్వరాలకు మించి తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాను. నాకు కావాల్సింది జి స్వరం నుంచి రెండు ఆక్టేవులు, అంటే రెండు స్థాయిలు, మొత్తం 25 స్వరాలు. తొమ్మిది గ్లాసులతో సరిపోయింది.

మొదట రెండు రోజులు ఒక స్టూడియో తీసుకున్నాం. పేరెందుకు లెండి. గోడలకు నురగ, రెండు తలుపులు, అన్నీ ఉన్నాయి. రికార్డింగు ఇంటికి తెచ్చుకుని వింటే అడుగున సన్నగా ఏసీ మూలుగుతోంది. డ్రమ్ములకీ పాటలకీ అది ఎవరికీ వినపడదు. గ్లాసు స్వరం ఇరవై సెకన్లు ఒంటరిగా సాగుతుంది కాబట్టి దాని పక్కన చీమ నడిచినా తెలుస్తుంది. రెండు రోజుల డబ్బులూ నీళ్లలో పోసినట్టే, నిజంగానే నీళ్లలో.

తర్వాత మా ఇంట్లోనే, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా, పదకొండు రాత్రులు. మే నెల. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ తీగ పీకేయాలి. మూడో రోజుకి పెరుగు పులిసిపోయి మా ఆవిడ ఫ్రిజ్ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. గంటకోసారి వేసి తీసే ఒప్పందం కుదిరింది. కుక్కలు మొరిగితే ఆగడం, నీళ్ల ట్యాంకరు వస్తే ఆగడం. బల్లి మాత్రం ఆపితే ఆగేది కాదు. ఎఫ్ షార్ప్‌లో ఒక టేకు చివర అది పలికింది. బల్లి పలికితే సత్యం అంటారు కదా, ఆ టేకు తీసేయబుద్ధి కాలేదు. ఇప్పటికీ ఉంది. చెవి పెట్టి వింటే దొరుకుతుంది.

కుక్కల కన్నా, బల్లి కన్నా పెద్ద శత్రువు జిడ్డు. వేలికి చుక్క నూనె తగిలితే గాజు మూగబోతుంది. మన వంటలు మీకు తెలుసు. ఒక రోజు రాత్రి పప్పులో నెయ్యి వేసుకుని తిన్నాను. సబ్బుతో మూడు సార్లు కడిగినా గంట సేపు గ్లాసు పలకలేదు. చివరికి నిమ్మచెక్క వేలికి రుద్దుకుంటే దారికొచ్చింది. ఆవకాయ సంగతి సరేసరి. మిగతా రాత్రులు స్పూనుతో తిన్నాను. రెండున్నర శతాబ్దాల కింద బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఇదే చెప్పాడు: వేళ్లకు జిడ్డు ఉండకూడదు, అవసరమైతే కొంచెం మెత్తటి సుద్దపొడి వాడుకోవచ్చు అని. ఆయనకు నెయ్యి ఇబ్బంది లేదనుకోండి.

ఫ్రాంక్లిన్ పేరు వచ్చింది కాబట్టి ఆ కథ కొంచెం చెబుతాను. మన కథకు దానితో నిజంగా పని ఉంది. గ్లాసుల వరసను వేదిక మీదికి తెచ్చినవాడు ఐర్లండుకు చెందిన రిచర్డ్ పాక్రిచ్, 1740ల మాట. 1746లో లండన్‌లో గ్లుక్, ఆ తర్వాత గొప్ప ఒపేరా కర్తగా పేరొచ్చిన గ్లుక్కే, ఊట నీళ్లతో శ్రుతి చేసిన 26 గ్లాసులు పెట్టుకుని కచేరీ చేశాడు. ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో ఉండగా ఎడ్వర్డ్ డెలావల్ అనే ఆయన గ్లాసులు వాయిస్తుంటే విని ముచ్చటపడ్డాడు. ఆయన బుర్ర ఊరుకోదు కదా. ఇన్ని గ్లాసులు బల్ల నిండా పరిచి, నీళ్లు కొలిచి పోసి, చేతులు చాపి అందుకోవడం ఏమిటనుకున్నాడు. గాజు గిన్నెలకు కాడ తీసేసి, మధ్యలో బెజ్జం పెట్టి, ఇనుప కడ్డీకి ఒకదానిలో ఒకటి దూరేట్టు వరసగా గుచ్చాడు. కాలితో తొక్కితే కడ్డీ తిరుగుతుంది, కుట్టుమిషను లాగా. మొత్తం 37 గిన్నెలు, మూడు ఆక్టేవులు. పెద్దది తొమ్మిది అంగుళాలు, చిన్నది మూడు. నీళ్లతో పని లేదు, గాజును అరగదీసి శ్రుతి చేశారు. ఏది ఏ స్వరమో తెలియడానికి ఇంద్రధనుస్సు రంగులు పూశాడు, అర్ధస్వరాలకు తెలుపు. 1762 జూలైలో ఇటలీలోని శాస్త్రవేత్త బెకారియాకు ఉత్తరం రాస్తూ ఈ వివరాలన్నీ చెప్పి, మీ భాష సంగీతంలా ఉంటుంది కాబట్టి ఆ గౌరవంతో దీనికి ఆర్మోనికా అని పేరు పెట్టానన్నాడు.

అందరూ చెప్పేది ఏమిటంటే, ఆర్మోనికా గొప్పతనం సౌకర్యం అని. పది వేళ్లతో పది స్వరాలు పట్టుకోవచ్చు. నిజమే. కానీ శాంపిల్ చేసేవాడి చెవికి ఇంకొకటి దొరుకుతుంది. ఆర్మోనికాలో వేలు కదలదు, గ్లాసు తిరుగుతుంది. మామూలు గ్లాసులో గ్లాసు కదలదు, వేలు తిరుగుతుంది. ఏదైతేనేం, రాపిడి రాపిడే అనుకుంటాం. ఇందాకటి అలలు గుర్తు తెచ్చుకోండి. అవి వేలి వెనకాల వెళతాయి. వేలు ఒకే చోట ఉంటే అవీ ఒకే చోట ఉంటాయి. మీ చెవికి, మైకుకు స్వరం నిలకడగా వస్తుంది. వేలు చుట్టూ తిరిగితే నాలుగు అలల గుంపులు ఒకదాని తర్వాత ఒకటి మైకు ముందు నుంచి పోతాయి. వేలు ఒక చుట్టు తిరిగితే స్వరం నాలుగు సార్లు పెద్దదై చిన్నదవుతుంది. సెకనుకో చుట్టు తిప్పితే సెకనుకు నాలుగు ఊపులు. గ్లాసు స్వరం గాల్లో తేలుతున్నట్టు ఉంటుందంటారే, ఆ తేలడం చాలావరకు ఇదే.

ఇది తెలియక నేను చేసిన పని చెబుతాను. కష్టం తగ్గించుకుందామని మొదట ప్రతి మూడో స్వరాన్నే వాడాను. మధ్యలో ఉన్నవాటికి పక్క స్వరాన్నే సాగదీయడం. పియానోకి అందరూ చేసేదే, తప్పేం లేదు. శాంపిల్‌ను రెండు అర్ధస్వరాలు పైకి జరపాలంటే దాన్ని దాదాపు 12 శాతం వేగంగా నడపాలి. శ్రుతి పెరుగుతుంది. దాంతో పాటు ఆ ఊపు వేగం కూడా 12 శాతం పెరుగుతుంది! ఒక్క స్వరమైతే తెలియదు. మూడు స్వరాలు కలిపి నొక్కండి: ఒకటి మెల్లగా, ఒకటి గబగబా, ఒకటి మధ్యస్తంగా ఊగుతుంటాయి. ముగ్గురు పిల్లలు ఒకే ఉయ్యాల ఎక్కి తలా ఒక దిక్కుకు ఊపుతున్నట్టు. 25 స్వరాలకు 25 రికార్డింగులూ వాడక తప్పదని అప్పుడు తెలిసింది.

లూపు దగ్గర అదే గొడవ. రికార్డింగు ఇరవై సెకన్లు. వాయించేవాడు మెట్టు మీద నుంచి నిమిషం పాటు వేలు తీయడు. అందుకని మధ్యలో ఒక ముక్కను మళ్లీ మళ్లీ తిప్పుతాం. ముక్క మొదలూ చివరా ఊపులో ఒకే చోట పడాలి. పడకపోతే ప్రతి చుట్టుకూ ఎక్కిళ్లు వస్తాయి. ఆ చోటు ఎలా కనుక్కోవాలి? ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. ఒక మైకు అంచుకు జానెడు దూరంలో పెట్టాను, ఇంకో జత మైకులు నాలుగైదు అడుగుల దూరంలో. దగ్గరి మైకు ముందు నుంచి వేలు వెళ్లినప్పుడల్లా "ష్" మని రాపిడి చప్పుడు పెరుగుతుంది. తెర మీద చూస్తే చుట్టుకొక బుడిపె. బుడిపె నుంచి బుడిపె దాకా కోస్తే సరిగ్గా ఒక చుట్టు. ఐదారు చుట్లకు తగ్గకుండా లూపు పెట్టాను. అంతకన్నా చిన్నదైతే చెవి పసిగట్టేస్తుంది.

సరే, ఇంత చేసీ ఫ్రిజ్ ఎందుకైంది?

శుభ్రం చేయడం వల్ల. నాకు శుభ్రం పిచ్చి. చదివిన చదువు అలాంటిది, చేసిన ఉద్యోగం అలాంటిది. రికార్డింగులో చప్పుడు అంటే తప్పు, తీసేయాలి. నాయిస్ తీసే సాఫ్ట్‌వేరు పెట్టి ఆ "ష్"ను తీసేశాను. వేలు మొదట గాజును తాకే చిన్న చప్పుడును కత్తిరించాను. స్వరం పట్టుకోవడానికి వేలు ఒక క్షణం తడబడుతుంది, ఆ తడబాటునూ కత్తిరించాను. మిగిలింది ఏమిటి? రుద్దిన గ్లాసు స్వరం దాదాపు ఒంటరి స్వరమని ముందే చెప్పాను. దాని చుట్టూ ఉన్న వేలిని తీసేస్తే మిగిలేది కంప్యూటరులో రెండు నిమిషాల్లో తయారయ్యే సైన్ వేవ్, అంటే పైస్వరాలేవీ లేని ఒట్టి స్వరం. పదకొండు రాత్రులు, పులిసిన పెరుగు, అరవై గ్లాసులు, అన్నీ కలిపి ఒక సైన్ వేవ్ చేశాను నేను. ఫ్రిజ్‌తో పోల్చి వాడు గౌరవించాడు నన్ను.

వయొలిన్‌లో కమాను చప్పుడు తీసినా ఇంకా వయొలిన్ మిగులుతుంది, ఎందుకంటే దాని స్వరంలోనే బోలెడు సరుకు ఉంది. గ్లాసులో అంత సరుకు లేదు. మనం గ్లాసు అని గుర్తుపట్టేది చాలా వరకు చర్మాన్నీ తడినీ.

రెండో వెర్షనులో పారేసినవన్నీ వెనక్కి తెచ్చాను. పాత ఫైళ్లు దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. మీకు ఒక్క సలహా ఇస్తాను, అసలు రికార్డింగును ఎప్పుడూ చెరపకండి, హార్డ్ డిస్కు అన్నం కన్నా చవక. ఇప్పుడు ఇన్‌స్ట్రుమెంటులో రెండు పొరలు ఉన్నాయి. ఒకటి నాదం, దూరపు మైకులది. రెండోది రాపిడి, దగ్గరి మైకులోంచి పైశ్రుతులు మాత్రం వడగట్టి తీసింది. వాటికి రెండు నాబులు. రాపిడిని పూర్తిగా తగ్గించి నొక్కుతాను, వినండి. ఇప్పుడు కొంచెం పెంచుతాను.

(రెండు సార్లు మోగించారు.)

ఎవరో ఊపిరి తీసుకున్నట్టు లేదూ?

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది, దాటేముందు దాన్నీ చూపిస్తాను. గ్లాసును మెల్లగా రుద్దితే చిన్నగా, బలంగా రుద్దితే పెద్దగా మోగుతుంది. అందుకని ప్రతి స్వరాన్నీ మూడు బలాలతో, ఒక్కో బలానికి నాలుగు టేకులు రికార్డు చేశాం. 25 ఇంటూ 3 ఇంటూ 4, మొత్తం 300. ఒక్కోటి 20 సెకన్లు అంటే 100 నిమిషాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, స్టీరియోలో సుమారు 1.7 జీబీ. కీబోర్డుకు ఎడమచేతి వైపు ఉండే మాడ్ వీల్ అనే చక్రాన్ని తిప్పితే చిన్న బలం నుంచి పెద్ద బలానికి మెల్లగా మారాలి. ఒకటి తగ్గుతుంటే ఒకటి పెరుగుతుంది, క్రాస్‌ఫేడ్. వయొలిన్లకు, బాకాలకు అందరూ చేసేది ఇదే. గ్లాసులో ఏమైందంటే, చక్రం సగానికి వచ్చేసరికి స్వరం మాయం! మళ్లీ పైకి వెళ్లేసరికి ప్రత్యక్షం. రెండూ దాదాపు ఒంటరి స్వరాలు, ఒకే శ్రుతి. ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లంలో పడితే రెండూ కొట్టేసుకుంటాయి. శ్రుతిలో ఒకటి రెండు సెంట్ల తేడా (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఉందా, కొట్టేసుకుంటూ, కలుసుకుంటూ, కొట్టేసుకుంటూ, భార్యాభర్తల్లా ఉంటాయి. ఆ తేడా ఉండనే ఉంది, ఎందుకంటే మే నెల ఉక్కలో గ్లాసులో నీళ్లు ఆవిరై శ్రుతి కొద్దికొద్దిగా పైకి పాకింది.

చివరికి నాదం పొరలో మధ్య బలాన్ని ఒక్కదాన్నే ఉంచాను. చక్రం తిప్పితే దాని సౌండు, దాని మీద ఫిల్టరు, రాపిడి మోతాదు, మూడూ కలిసి మారతాయి. రాపిడిలో నిలకడైన స్వరం లేదు కాబట్టి అది ఎవరితోనూ గొడవపడదు. రికార్డు చేసిన దాంట్లో మూడింట రెండొంతులు పక్కన పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో కలుక్కుమంటుంది.

ఇక వాయించేవాళ్లకు. ఇది ఆలస్యంగా పలుకుతుంది. గాజు ఊపు అందుకోవడానికి సమయం కావాలి. నా గ్లాసుల్లో పావు సెకను నుంచి అరసెకను దాకా పట్టింది. మెట్టును తాళం మీద నొక్కితే స్వరం తాళం దాటాక వస్తుంది. కొందరు ఆ మొదలును కోసేసి వెంటనే పలికేట్టు చేస్తారు. నేను చేయలేదు. చేస్తే ఆర్గను అవుతుంది. ముందే నొక్కడం అలవాటు చేసుకోండి, లేదా ట్రాకు ఆ మేరకు ముందే మొదలయ్యేట్టు జరపండి. మెట్టును ఎంత గట్టిగా కొట్టారన్నది సౌండును మార్చదు, స్వరం ఎంత త్వరగా లేస్తుందన్నదాన్ని మారుస్తుంది. కీబోర్డు వాద్యకారులకు ఇది మొదట చిరాకు. వారంలో అలవాటవుతుంది.

గమకం గురించి అడుగుతారని తెలుసు. ఎవరూ అడగకముందే చెబుతాను: నిజమైన గ్లాసుకు గమకం రాదు. జలతరంగంలో పుల్లతో నీళ్లను కదిపి ఏదో కొంత సాధిస్తారు, ఇక్కడ అదీ లేదు. అందుకని శ్రుతిని పైకీ కిందికీ జార్చే పిచ్ వీల్‌ను మొదట ఆపేశాను. వయొలిన్ వాయించే మా బావమరిది చూసి, "బావా, లోకంలో లేని వాయిద్యాన్ని కంప్యూటర్లో పెట్టుకుని మళ్లీ దానికి ధర్మం ఏమిటి?" అన్నాడు. సమాధానం దొరకలేదు. వీల్‌ను ఆన్ చేశాను. మీరు తోడి వాయిస్తే మాత్రం నాకు పంపకండి, గాజు గొంతుతో తోడి గాంధారం నేను వినలేను. శ్రుతికి, మోహనంలో సాదా స్వరాలకు, సినిమాలో మాటల వెనకాల నిలబెట్టడానికి, వాటికి పనికొస్తుంది.

ఇలాంటివి నా కన్నా ముందే బయట ఉన్నాయి. సోనిక్‌కూచర్ వాళ్ల గ్లాస్ వర్క్స్‌లో ఆర్మోనికాతో పాటు క్రిస్టల్ బాషే కూడా ఉంది. అది 1952లో ఫ్రాన్సులో బాషే సోదరులు కనిపెట్టింది, గాజు కడ్డీలను తడి వేళ్లతో నిమురుతారు. విని చూడండి, వాళ్లు ఎంత చప్పుడు ఉంచారో, ఎంత తీశారో గమనించండి. నేను ఇప్పుడు ఏ శాంపిల్ లైబ్రరీని విన్నా ముందు అదే వెతుకుతున్నాను.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, చెప్పమ్మా.

(ఈ వాయిద్యం వింటే పిచ్చెక్కుతుందని చదివాను, నిజమా అని ఒక విద్యార్థిని అడిగింది.)

అప్పట్లో ఆ పుకారు గట్టిగానే ఉండేది. నరాలు దెబ్బతింటాయని, దిగులు పుడుతుందని రాసినవాళ్లు ఉన్నారు. గాజులోని సీసమే కారణమని తర్వాత కొందరు అన్నారు కానీ, వాయించడం వల్ల అలా జరిగిందని రుజువేమీ లేదు. ఫ్రాంక్లిన్ 84 ఏళ్లు బతికాడు. మోజార్ట్ 1791లో, తను పోయిన ఏడాదే, ఆర్మోనికా కోసం ఒక అడాజియో, రోండో రాశాడు. వేణువు, ఓబో, వయోలా, చెల్లో పక్కన ఆర్మోనికా. అది రాసింది మరియానే కిర్ష్‌గెస్నర్ అనే చూపులేని వాద్యకారిణి కోసం. చూపు లేనివాళ్లకు ఆ రంగుల పట్టీలతో పనిలేదు, వేలికి అంచు తెలిస్తే చాలు. పిచ్చికి, ఈ వాయిద్యానికి ముడి మాత్రం ఒపేరాలో పడింది. 1835లో డోనిజెట్టి లూచియా డి లామెర్‌మూర్‌లో నాయిక మతి తప్పే ఘట్టానికి మొదట దీన్నే రాశాడు, తర్వాత ఆ చోటు వేణువుకు ఇచ్చాడు. ఇప్పుడు కొన్ని ప్రదర్శనల్లో మళ్లీ గ్లాసే వినిపిస్తున్నారు. అసలు ఈ వాయిద్యం వెనకబడటానికి పెద్ద కారణం సౌండు చాలకపోవడం. హాళ్లు పెద్దవయ్యాయి, ఆర్కెస్ట్రాలు పెద్దవయ్యాయి, ఇది వినపడలేదు. సౌండు పెంచే మీట, ఫేడరు, పైకి తోస్తే చాలు, ఆ బాధ ఇప్పుడు మనకు లేదు.

(నాలుగు టేకులు ఎందుకు, ఒకటి చాలదా అని ఇంకొకరు అడిగారు.)

ఒకే స్వరాన్ని వెంటవెంటనే నాలుగు సార్లు నొక్కితే నాలుగూ అచ్చుగుద్దినట్టు ఉంటే చెవి వెంటనే పట్టేస్తుంది. వేలు ఎప్పుడూ రెండుసార్లు ఒకేలా తడబడదు. నాలుగు టేకులు వంతులవారీగా మోగితే ఆ మోసం దాగుతుంది. ఎఫ్ షార్ప్‌లో నాలుగో వంతుకు బల్లి వస్తుంది, అది మీ అదృష్టం.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. గ్లాసులు తొమ్మిదీ ఇక్కడే ఉన్నాయి, రుద్ది చూడాలనుకున్నవాళ్లు ముందుకు రండి. బాబూ, నువ్వు కాదు, నువ్వు ఇప్పుడే సమోసా తిన్నావు, నేను చూశాను. కారిడార్ చివర సింకు ఉంది, సబ్బుతో కడుక్కుని రా. నిమ్మచెక్క నా దగ్గర ఉంది.